పనిదొంగ మోకాళ్లు

వనపర్తిలో ఎముకల డాక్టరమ్మ నా మోకాళ్ల ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, సంతలో కోడిపెట్టను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ అమ్మాయికి ముప్పై ఏళ్లుంటాయేమో. నాకు అరవై మూడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లల పరీక్ష పేపర్లు దిద్దిన దాన్ని, ఎదుటి మనిషి నా పేపరు దిద్దుతుంటే ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది. రెండు ఎముకల మధ్య కొంచెం ఖాళీ కనబడాలట. అక్కడ ఎముకకు ఎముక తగలకుండా మెత్తటి పొర ఒకటి ఉంటుందట. నా కుడి మోకాల్లో ఆ ఖాళీ సగానికి సగం పోయింది, ఎడమ మోకాలు కూడా అక్క వెనక చెల్లెలిలా అదే దారిన బయల్దేరింది. ఏం పని చేసేవారని అడిగింది. టీచర్నన్నాను. నిలబడి చెప్పేవారా, కూర్చునా అంది. డాక్టరు దగ్గర అబద్ధమాడకూడదంటారు కాబట్టి, మొదట్లో నిలబడి, తర్వాత కూర్చుని, హెడ్‌మిస్ట్రెస్‌ని అయ్యాక ఎవరొచ్చినా లేవకుండా చెప్పానని ఒప్పుకున్నాను. రిటైరయ్యాక అదే కుర్చీని టీవీ ముందుకు మార్చానన్న సంగతి మాత్రం ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ మెత్తటి పొరకు రక్తనాళాలు ఉండవట. మరి దాని తిండి మాటేమిటంటే, మనం అడుగేసినప్పుడు అది నొక్కుకుని లోపలి నీరు వదులుతుంది, అడుగెత్తినప్పుడు చుట్టూ ఉన్న నీటిని పీల్చుకుంటుంది, ఆ పీల్చుకోవడంలోనే దానికి తిండి. నొక్కి వదలకపోతే పస్తు. అసలు నొక్కకపోయినా పస్తే. వంకరగా, ఒకే చోట నొక్కితే అరుగుదల. ఎముక సంగతీ అంతేనట, అది రాయి కాదు, ప్రాణమున్న వస్తువు. బరువు పడిన చోట పిసరు పిసరుగా మందమవుతుంది, పడని చోట ఉన్నది కూడా పోగొట్టుకుంటుంది. నాకు వెంటనే గంజి గుర్తొచ్చింది. మా ఇంట్లో నూలుకు గంజి పట్టించేటప్పుడు ఊరికే ముంచి వదిలేస్తే పైపైన తడుస్తుంది, లోపలి పోగుకు చుక్క అందదు. పిండాలి, వదలాలి, మళ్లీ పిండాలి. ఈ సంగతి చెబితే డాక్టరమ్మ మర్యాదకు తలూపి, అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి, పనున్నా లేకపోయినా సరే లేవండి అంది. నాకు నవ్వాగలేదు. అంటే పనిదొంగలా ఉండమంటారా అని అడిగాను. అలాగే అనుకోండి అని చీటీ రాసిచ్చింది. ఆమెకేం తెలుసు, మా ఇంట్లో పనిదొంగ అనేది తిట్టు కాదు, ఒక మనిషి పేరు. ఆ మనిషి మా నాయిన.

గద్వాలలో మా ఇల్లంటే ముందు మగ్గం, ఆ తర్వాతే మనుషులు. లోపలికి అడుగు పెట్టగానే గంజి పులుపు, పట్టు పోగుల పచ్చి వాసన, మూలన ముక్కిన జొన్నల వాసన కలిసి ముక్కును పట్టుకునేవి. మాది గుంట మగ్గం. నేల మీద కూర్చుని కాళ్లు గుంటలోకి వేలాడేసి, కింద తొక్కుడు కట్టెలను కాళ్లతో తొక్కుతూ, పైన చేతులతో అడ్డపోగును మోసే నాడె విసరాలి. నేసేది చీరలు, నడుమ నూలు, అంచుకు పట్టు. ఆ రెండు పోగులూ ప్రతి వరసలోనూ ఒకదాన్నొకటి పట్టుకోవాలి. అందుకు పక్కన ఇంకో మనిషి కూర్చోవాలి. ఆ మనిషి మా అమ్మ. ఇంట్లో పండగైనా, పురుడైనా మగ్గం చప్పుడు లయలోనే జరిగేది. ఆ చప్పుడు ఆగితే చంటిపిల్లలు కూడా నిద్రలోంచి లేచి ఏడ్చేవాళ్లు.

ఆ మగ్గానికి చక్రవర్తి మా తాత. తెల్లవారుజాము చీకట్లో గుంటలో దిగితే పొద్దు నెత్తికొచ్చేదాకా లేచేవాడు కాదు. అదే ఆయన గొప్ప. ఊళ్లో నలుగురూ ఆయన నేత గురించి కాక ఆయన కూర్చోవడం గురించి చెప్పుకునేవాళ్లు. కుడి భుజం ఎడమదాని కంటే ఎంత ఎక్కువగా పెరిగిందంటే, దర్జీ ఆయన చొక్కాకు రెండు భుజాలకూ వేర్వేరు కొలతలు తీసుకునేవాడు. మోకాళ్లు మాత్రం పూర్తిగా చాపుకోలేకపోయేవాడు. వెల్లకిలా పడుకుంటే దుప్పటి కింద చిన్న గుడారం లేచేది. మేం పిల్లలం ఆ గుడారంలోకి దూరి ఆడుకునేవాళ్లం. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని ఆయన రోజుకు నాలుగుసార్లు మా నాయినకు వినబడేలా అనేవాడు. కొండల సంగతేమో గానీ, కూర్చున్నందుకు ఎముకలు కరిగాయి. ఒకనాడు గడప దాటుతూ పడ్డాడు. గడప జానెడు కూడా ఉండదు. తుంటి విరిగింది. ముసలితనం, తినీ తినని తిండి కూడా కారణమై ఉంటాయి, కానీ డాక్టరమ్మ మాట విన్నాక నాకు ఆయన కూర్చున్న కూర్చోవడమే గుర్తొస్తోంది. ఆ తర్వాత ఆయన సింహాసనం వాకిట్లో మంచానికి మారింది, గుంటలోకి మా నాయిన దిగాడు. అప్పటిదాకా నాయిన ఒక షావుకారు ఇంటి మగ్గం మీద నేసేవాడు.

ఇక్కడ గుంట సంగతి చెప్పాలి. మా ఇంట్లో గుంట తవ్విన రోజు మొదటి నేతగాడి కాలు కొలిచేవాళ్లు. మడమ నుంచి మోకాలి దాకా నూలు దారం పట్టి, తొక్కడానికి ఇంత అని వదులు కలిపి, ముడి వేసి, పసుపు రాసి, మగ్గం దూలానికి కట్టేవాళ్లు. ఆ దారం ఎంతో గుంట లోతు అంతే. మా దూలానికి ఉన్నది తాత కాలి దారం. ఇక ఆ గుంటను పెంచకూడదు, తగ్గించకూడదు. ముట్టుకుంటే మగ్గం అలుగుతుందట. మా తాత తాటిచెట్టు. మా నాయిన ఆయన కొడుకే అయినా కాళ్ల దగ్గర మా నాయనమ్మ పోలిక. గుంటలో కూర్చుంటే వేళ్ల కొసలే కట్టెకు తగిలేవి, మడమ తగిలేది కాదు. పైనుంచి కట్టెకు కట్టిన తాడును పొట్టి చేసి దాన్ని పైకి లేపుకుందామంటే ఒక్క కొనే లేస్తుంది, రెండో కొన గుంట అడుగున మేకుకు బిగించి ఉంటుంది, కట్టె ఏటవాలై పాదం జారుతుంది. అందుకని నాయిన గట్టు చివరికి జరిగి, ఒక పక్కకు ఒరిగి, కాలు సాగదీసి తొక్కేవాడు. ఇదంతా నేనిప్పుడు చెబుతున్నాను గానీ, అప్పుడు మాకు కనబడింది ఒక్కటే, ఆయన గుంటలో అరగంట నిలవడని.

ఆయన సాకులకు లెక్కలేదు. చాయ తాగొస్తానని ఒకసారి, మబ్బు పట్టిందేమో చూసొస్తానని ఒకసారి, కోట గోడ పక్కన ఎవరో పిలిచారని ఒకసారి, వెనక వీధిలో కడుతున్న ఇల్లు ఎంతవరకొచ్చిందో చూడాలని ఒకసారి. ఎవరిదో ఇల్లు, అది ఎంతవరకొస్తే ఈయనకెందుకు? చప్పుడు ఆగగానే మంచం మీంచి తాత గొంతు లేచేది.

"సప్పుడు ఆగింది. యాడికి పోయిండు గా పనిదొంగ? పోయి సూసిరా బిడ్డా."

ఆ బిడ్డను నేనే. ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. వార్త తెస్తే తలగడ కింద నుంచి బెల్లం ముక్క దొరికేది. నా అంత నిజాయితీగా పనిచేసిన గూఢచారి ఏ రాజుకూ దొరికి ఉండడు. హోటల్ పొయ్యి దగ్గర నిలబడ్డాడు తాతా, పెరట్లో ఉన్నాడు తాతా, పత్తి చేను గట్టున కూర్చున్నాడు తాతా అని ఎప్పటికప్పుడు చేరవేసేదాన్ని. నాయిన ఎక్కడికి పోయినా అట్టే సేపు ఉండేవాడు కాదు, కుడి చేతికి తువ్వాలు చుట్టుకుని గబగబా వచ్చేసేవాడు. ఆ తువ్వాల్లో ఏముందని ఒకసారి అడిగితే, చెమట తుడుచుకున్నా అన్నాడు. చెమట తుడుచుకున్న తువ్వాలును పిడికిట్లో బిగించి పట్టుకునేదెవరు? నాకు బుర్ర పాదరసంలా పనిచేసింది. తాత దగ్గరికి పోయి, తువ్వాల్లో బీడీలు దాస్తున్నాడని చెప్పేశాను. నేను బీడీ చూడలేదు. కానీ బెల్లం ముక్క రెండింతలైంది.

ఆ సాయంత్రం వాకిట్లో ఐదారుగురు కూర్చుని ఉండగా తాత ఆయన్ను నిలబెట్టి కడిగేశాడు. పని ఎగ్గొట్టి బీడీలు తాగే కొడుకును కన్నానని, మగ్గం పరువు తీశాడని, నాలుగు వీధులకు వినబడేలా. నాయిన గోడకు ఆనుకుని నిలబడి నా వైపు ఒకసారి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఏదో బరువు దిగినట్టు ఉంది. "ఔ, తాగిన" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి ఊరికి ఆయన బీడీల మనిషి, పనిదొంగ. తువ్వాల్లో ఏముందని మళ్లీ ఎవరూ అడగలేదు. మేమూ పెద్దవాళ్లమై అదే మాట వాడాం. నేను బడిలో పిల్లవాడెవడైనా మాటిమాటికీ లేస్తే, మా నాయిన లాంటోడు దొరికాడని స్టాఫ్‌రూమ్‌లో జోకులేసేదాన్ని. అమ్మ మాత్రం ఒకసారి, మేమేదో వేళాకోళం చేస్తుంటే, చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తకుండా అంది.

"ఇరవై ఏండ్లు పక్కల కూసున్న. మీ నాయిన నోట్ల బీడీ వాసన నేనెన్నడు సూడలే."

మొగుణ్ని వెనకేసుకొస్తోంది అనుకుని ఇంకా నవ్వాం.

నాయిన ఎనభై దాటాక కూడా కోట దాకా నడిచి చాయ తాగి వచ్చేవాడు. కర్ర లేదు, కుంటు లేదు. పని చేయని ఒళ్లు అరగదులే అని మేమే సర్దిచెప్పుకున్నాం. పోయిన తర్వాత ప్రతి పెత్రమాసకూ ఆయన పేరున విస్తరి వేసి, ఇష్టమైనవి పెట్టాలి కదా, అన్నం, పప్పు, గారెలతో పాటు ఒక బీడీ కట్ట, అగ్గిపెట్టె పెడుతున్నాం. బీడీ కట్ట కొనుక్కొచ్చేది నేనే. తక్కువ రకం పెడితే ఆయన అలుగుతాడేమోనని మంచి రకం వెతికి మరీ తెచ్చేదాన్ని.

డాక్టరమ్మ దగ్గర్నుంచి వచ్చిన వారానికి గద్వాల నుంచి మా తమ్ముడు నర్సింలు ఫోన్ చేశాడు. వాడికి చూపు మందగించాక మగ్గం మీద కూర్చుంటున్నది వాడి కోడలు సుజాత. వడ్డేపల్లి దగ్గర వ్యవసాయం ఇంటి పిల్ల, పెళ్లయి వచ్చాకే నేత నేర్చుకుంది, ఇప్పుడు అంచు కలపడంలో ఇంటి వాళ్లను మించిపోయింది. వాడి ఫిర్యాదేమిటంటే ఆ పిల్ల అరగంటకొకసారి లేస్తోందట, మోకాళ్లంటోందట, ఇట్లయితే మగ్గం తీసి అమ్మేయడమేనట. చివరన, నాయిన లెక్కనే పనిదొంగ దొరికింది అక్కా అన్నాడు. ఆ మాట నా మోకాల్లో ఎక్కడో తగిలింది. మర్నాడే బస్సెక్కాను.

సుజాతను గుంటలో కూర్చోమని చూశాను. గట్టు చివర, ఒక పక్కకు ఒరిగి, కాలు సాగదీసి. నాకు కళ్ల ముందు మా నాయిన కూర్చున్నట్టే అయింది.

"కాలు అందదు పెద్దమ్మా. ఏళ్ల కొసలు తగుల్తయ్, మడిమ తగల్దు. మోకాలు లోపల గుంజుతది. లేసి జర తిరిగితె సల్లబడ్తది," అంది. తర్వాత గొంతు తగ్గించి, "మగ్గం తీసేస్తె నేనేం జేస్త? నాకు గిదొక్కటే మంచిగ వచ్చు," అంది.

నేను నర్సింలును పిలిచి గుంటను నాలుగు వేళ్లు పూడ్చమన్నాను. వాడికి దేవుడి మీద కంటే తాత మీద భక్తి ఎక్కువ, దేవుడు వాణ్ని ఎప్పుడూ తిట్టలేదు మరి. తనకు ఆ గుంట అచ్చంగా సరిపోయిందని, తాత కొలత అంటే అంత కచ్చితమని, లోపం గుంటలో కాదు మనుషుల్లో ఉందని ఉపన్యాసం ఇచ్చాడు. "నాయిన ఎన్నడన్న ముట్టిండా అక్కా? ఆయినె ముట్టంది నేనెట్ల ముడ్త?" అన్నాడు. వాడి నోరు మూయించాలంటే కొలతే దారి అనుకుని దూలానికున్న పసుపు దారం విప్పాను. పసుపు ఎప్పుడో పోయి మసి రంగు తేలింది. ముందు సుజాత కాలికి పట్టాను, చాలా మిగిలింది. ఆ తేడా వాడికి గుంటలో కూడా చూపిద్దామని దారం ఒక కొన గట్టు మీద పెట్టి రెండో కొన కిందికి వదిలాను. ముడి నేలకు తగిలింది, తగిలి ఇంకా నాలుగు వేళ్ల దారం అడుగున పడుకుంది.

దారం సాగిందన్నాడు నర్సింలు. దూలానికి ఊరికే కట్టి ఉన్న దారం దేనికి సాగుతుంది? ఎలాగూ కట్టె మేకు వదులైంది, పీకి కొత్తది కొట్టాలని మూడు నెలలుగా చెబుతున్నానని సుజాత గుంటలో వంగి దాన్ని ఊపింది. నర్సింలు సణుక్కుంటూ దిగి మేకు పీకి, గునపంతో చోటు పెద్దది చేశాడు. నాలుగు వేళ్ల కింద గునపం టక్కుమంది. మన్ను తీసి చూస్తే ఇంకో మేకు. పాతది, నల్లది, తలకాయ అరిగిపోయింది. తాత మేకు. గుంటకు అసలు అడుగు అదన్నమాట.

గునపం చీల్చిన చోట మన్ను అంచు తేటగా కనబడుతోంది. నేను మోకాళ్ల సంగతి మర్చిపోయి గట్టు మీద బోర్లా పడుకుని చూశాను. అది ఒక్క మన్ను కాదు. కొంత ఎర్రమన్ను, అది మా పెరట్లోది. దాని మీద కొంచెం నల్లరేగడి, పత్తి చేను గట్టుది. తర్వాత బూడిద, బొగ్గు నలుసులు, హోటల్ పొయ్యివి. తర్వాత ఇసుక, ఇటుక పొడి, వెనక వీధిలో కట్టిన ఆ ఇంటివి. నేను బెల్లం కోసం తాతకు చేరవేసిన ప్రతి చోటూ అక్కడ ఉంది. ఎటు పోయి వచ్చినా వాకిట్లో తాత మంచం పక్క నుంచే రావాలి, అక్కడ తట్టెడు మన్ను లోపలికి రాదు. తువ్వాల్లో పిడికెడు వస్తుంది. తెచ్చి పోసి, కాలితో తొక్కి, మగ్గం మీద కూర్చునేవాడు. పొరకూ పొరకూ మధ్య సన్నగా పేడ అలికిన గీత ఉంది. అలికింది అమ్మ తప్ప ఇంకెవరు? ఆమె నోరు విప్పలేదు, ఆ ఒక్క బీడీ వాసన మాట తప్ప.

ఎన్నేళ్లు పట్టిందో తెలియదు. బరువు పడిన చోట పిసరు పిసరుగా మందమవుతుందని డాక్టరమ్మ ఎముక గురించి అన్నది. మా నాయిన గుంటతో అదే పని చేశాడు. పెరిగిన మన్ను మీద మేకు కొట్టుకుని, మడమ కట్టెకు అందాక మన్ను తేవడం మానేసి ఉంటాడు, లేచి తిరిగే అలవాటు మాత్రం ఉండిపోయింది, అదే ఆయన మోకాళ్లను కాపాడి ఉంటుంది. కష్టజీవి తాత గుడారమై పోయాడు, పనిదొంగ నడుచుకుంటూ పోయాడు, వాళ్లిద్దరినీ చూసి నేను తాత దారి పట్టాను. ఇదంతా ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది గానీ అప్పుడు ఏడుపొచ్చింది. ఆ గట్టు మీద బోర్లా పడుకునే ఏడ్చాను. బీడీ తాగని మనిషికి ఇన్నేళ్లుగా బీడీలు పెట్టాం. పైన ఎక్కడున్నాడో గానీ కట్టల మీద కట్టలు పేర్చుకుని ఏం చేయాలో తెలియక కూర్చుని ఉంటాడు.

నర్సింలుది మసక చూపు కదా, మన్ను పొరలను వేలితో తడిమి తడిమి చూశాడు. తనకు అచ్చంగా సరిపోయిన కొలత ఎవరిదో వాడికీ అప్పుడే అర్థమైంది. తర్వాత పెరట్లోకి పోయి తట్టెడు ఎర్రమన్ను తెచ్చి గుంటలో పోశాడు. కొత్త మేకును ఆ పెరిగిన మట్టంలో కొట్టాడు. నేను అలికాను, వంకరటింకరగా, మోకాళ్లు తిడుతుంటే. పసుపు దారాన్ని సుజాత కాలికి పట్టి కొత్త ముడి వేసి దూలానికి కట్టాం. అలుకు ఆరాక ఆ పిల్ల కూర్చుని కట్టె తొక్కింది. మడమ ఇంకా పూర్తిగా ఆనలేదు, మన్ను తొక్కుడుకు అణగడంతో ఒక వేలు తక్కువైంది. ఈసారి పెత్రమాసకు బీడీ కట్ట కొనేది లేదని అక్కడే చెప్పేశాను, మరి ఏం పెట్టాలో, నాయినకు ఏది ఇష్టమో మా ఇద్దరికీ తెలియలేదు. ఇద్దరం ముసలివాళ్లమయ్యాం, ఆ సంగతి ఆయన్ను ఎప్పుడూ అడగలేదు.

నేను బస్సుకు బయల్దేరుతుండగా మగ్గం చప్పుడు ఆగింది. సుజాత కొంగు దులుపుకుని లేచి నిలబడింది, మామ వైపు బెదురుగా చూసింది. వాకిట్లో తాత మంచం ఉండే చోటే కుర్చీ వేసుకుని కూర్చున్న నర్సింలు అలవాటు కొద్దీ నోరు తెరిచాడు, అంతలోనే భుజం మీది తువ్వాలు తీసి ఆమెకు అందించాడు.

"పోయి తిరిగిరా బిడ్డా. వచ్చెటప్పుడు పిడికెడు మన్ను పట్కరా."